రెండు ఎర్ర చుక్కలు

ముత్యం పదిహేడేళ్లుగా బోధన్‌లో ఓ ప్రైవేటు బడి బస్సు నడుపుతున్నాడు. జూన్‌లో బడి తెరిచే ముందు డ్రైవర్లందరినీ కంటి పరీక్షకు నిజామాబాద్ పంపారు. అక్కడ కంఠేశ్వర్‌లోని క్లినిక్‌లో అతను అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. రక్తపరీక్షలో మాత్రం షుగర్ బార్డర్‌లో ఉందని తేలింది. డాక్టర్ నజియా అతని కళ్లలో మందు వేసి, లోపలి పొరను ఫొటో తీసింది.

"షుగర్ ఇంక రాలేదు, గడప దాకా వచ్చింది. కని ఈ రెండు ఎర్ర చుక్కలు చూడుండ్రి. సన్న నరాలు ఉబ్బుతున్నయి."

"మందు రాయుండ్రి మేడం."

"ఇప్పుడు మందేం లేదు. చూపు మంచిగుంది. తిండి తగ్గించుండ్రి, రోజు నడవుండ్రి. ఆరు నెలలకు మళ్ల ఫొటో తీద్దాం."

"మందు లేని రోగమేంది మేడం?"

"రోగం ముదరకముందే దొరికింది, గందుకే."

చూపు బాగుందన్న కాగితం బడిలో ఇచ్చాడు. ఫొటో కాగితం బియ్యం డబ్బా కింద పెట్టాడు. భార్య వసంతకు కూడా చెప్పలేదు. చెబితే ఆ మాట బడి దాకా పోయి స్టీరింగు పోతుంది, అది తప్ప అతనికి మరో పని రాదు.

అప్పటినుంచి మనసు కుదురుగా లేదు. చాయ్‌లో చక్కెర మానేశాడు, పొద్దున్నే గ్రౌండు చుట్టూ తిరిగాడు. అయినా రెప్ప వేసినప్పుడల్లా ఆ చుక్కలు పెరుగుతున్నట్టే ఉండేది. బస్సు నడుపుతూనే ఒక కన్ను మూసి, రెండో కంటితో ముందు బండి నంబరు చదివేవాడు. కనిపిస్తే గుండె కుదుటపడేది. పది నిమిషాలకు మళ్లీ మూసేవాడు.

డిసెంబరులో ఓ సాయంత్రం ఎడమ కన్ను మూసి ఉండగా, మలుపు దగ్గర చెరకు ట్రాలీ ఆగి ఉంది. ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కాడు. ముందు సీటు కమ్మీ తగిలి, మూడో తరగతి హిబా పెదవి చిట్లింది.

"అంకుల్, మీ కంట్ల పురుగు పడ్డదా?" రక్తం తుడుచుకుంటూ అడిగింది ఆ పిల్ల.

"అవు బిడ్డా," అన్నాడు.

ఇంటికి రాగానే కాగితం తీసి వసంత ముందు పెట్టాడు. కన్ను మూసి నడిపిన సంగతీ చెప్పాడు.

"పొద్దుగాల్నే సారుకు చెప్పు. వాళ్లు పిల్లలయ్యా," అంది ఆమె.

ప్రిన్సిపాల్ పరమేశ్వర్ తాళాలు తీసుకున్నాడు. "డాక్టరు రాసిస్తెనే మళ్ల బండెక్కు."

పదకొండు రోజులు ముత్యం ఇంట్లోనే కూర్చున్నాడు. తన బస్సు హారను వీధి చివర వినిపిస్తే లోపలి గదిలోకి వెళ్లేవాడు. చివరికి వసంతే వెంటబెట్టుకుని నిజామాబాద్ తీసుకెళ్లి, జరిగిందంతా డాక్టరుకు చెప్పింది. నజియా మళ్లీ ఫొటో తీసి, పాతదాని పక్కన పెట్టి చూసింది.

"పెరగలే, పోలే. గంతే ఉన్నయి. బండి నడపొచ్చు, రాసిస్త. కని కన్ను మూసుకుని నడిపితే మాత్రం నేనే మీ సారుకు ఫోన్ చేస్త."

"ఇంక ఎన్ని దినాలు మేడం, గిట్ల?"

"ఇంకో ఆరు నెలలకు రాండ్రి."

సోమవారం మళ్లీ బండెక్కాడు. జరిగింది ఊళ్లో తెలిసిపోయింది. ప్రతి స్టాపులోనూ ఎవరో ఒక తల్లి పిల్లను ఎక్కిస్తూ అడుగుతూనే ఉంటుంది: "అన్నా, కండ్లు మంచిగున్నయా?"

"మంచిగనే ఉన్నయమ్మా," అని ముత్యం గేరు మారుస్తాడు.