గోడ దాటి వచ్చిన పాట

కువైట్‌లోని జాబ్రియాలో నేను పనిచేసిన ఇంటి యజమానురాలిని మామా అనేవాళ్లం. సాయంత్రమైతే ఆమె హాల్లో రికార్డు పెట్టేది. రెండు ఫిడేళ్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి పలికే క్వార్టెట్లు. వందేళ్ల కిందటి యూరప్ పాటలే గానీ, కట్టినవాళ్ల పేర్లు అక్కడివాళ్లే మరిచిపోయారట.

"పేరున్నవాళ్లకు లోకమంతా ఉంది. వీళ్లకు నేనున్నాను" అనేది మామా.

నేను వంటింట్లో బియ్యం ఏరుతూ వినేదాన్ని. ఆ పాట మెల్లగా నడిచి, ఆగి, మళ్లీ నడిచేది. నాకు కళ్లు సగం మూతపడేవి. చేతులు వాటంతటవే రాళ్లు ఏరేవి.

ఇరాక్ సైన్యం వచ్చాక ఒక మధ్యాహ్నం సిపాయిలు ఇంట్లో జొరబడి టీవీతో పాటు రికార్డు ప్లేయరు, రికార్డులన్నీ ఎత్తుకుపోయారు. ఆ పాటలు వాళ్లకేం పనికొస్తాయో! నాకు ఒళ్లు మండిపోయింది. మామా అప్పటి నుంచి అన్నం ముట్టలేదు. ఆమె పిల్లలేమో వేసవికని వెళ్లి విదేశాల్లో చిక్కుకుపోయారు.

రొట్టెల క్యూ నుంచి తిరిగొచ్చిన ఇంటి డ్రైవరు, కోనసీమ మనిషి, గుమ్మంలోనే గొణిగాడు. "ఇలాగైతే మామా మనకి దక్కరండి."

"నీ నోట్లో మన్ను బొయ్య, అట్లనొద్దప్పా" అన్నాను. నా భయమూ అదే.

గంజి కాచి తీసుకెళ్లాను. వద్దంటూ మొహం తిప్పుకుంది. ఏం చేయాలో తోచక, పసిపిల్లను బుజ్జగించినట్టు, ఆమెకిష్టమైన పాట అందుకున్నాను.

మామా నొసలు ముడిచింది. "అదేం పాట?"

"మీ పాటే మామా. రోజూ పెట్టేవారు కదా."

ఇంకాస్త పాడితే విని పకపకా నవ్వింది. "పిచ్చిదానా, ఇది చెల్లో ఒక్కటే! ఫిడేళ్లేవీ?"

వంటింటి గోడ దాటి ఆ బొంగురు గొంతొక్కటే నా దాకా వచ్చేదన్నమాట. ఇన్నేళ్లూ అదే మొత్తం పాటనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆపకు, యల్లా, కానివ్వు" అంది.

మళ్లీ పాడాను. నా గొంతు మీద ఆమె సన్నగా, వణుకుతూ ఫిడేలు పాట ఎత్తుకుంది. పైన అంత పాట ఉందని నాకప్పుడే తెలిసింది. ఏడుపొచ్చింది. మధ్యలో రెండు గొంతులు తక్కువే, అయినా పాట నిలబడింది.

గంజి చల్లారిపోయింది. వేడి చేసి తెస్తానని లేవబోతే మామా నా చెయ్యి పట్టుకుంది.

"గోడ అవతలికి పోకు. ఇక్కడే కూర్చో" అని, ఆ చల్లటి గంజే తాగింది.