ఆక్సిజన్ మెషిన్ ఆగకుండా నూట యాభై కిలోమీటర్లు: మా వ్యానుకు ఇన్వర్టర్, బ్యాటరీ ఎంచుకున్న రోజు

మా ఆయన లింగయ్య పద్నాలుగు నెలలుగా పన్నెండు మీటర్ల గొట్టం పొడవులోనే తిరుగుతున్నారు. సూర్యాపేటలో మా ఇంటి మధ్యగదిలో ఆక్సిజన్ మెషిన్ ఉంటుంది. దాని గొట్టం వంటింటి గడప దాకా వస్తుంది కానీ వీధి గుమ్మం దాకా రాదు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఇరవై రెండేళ్లు ఆపరేటరుగా పనిచేసి, ఆ దుమ్మునంతా ఊపిరితిత్తుల్లో నింపుకొని ఇంటికి వచ్చారు. ఆయనను పెంచిన పెద్దక్క నరసాపురంలో ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో ఆమె రాలేదు, ఈయన పోలేరు. "అక్క ఇంట్ల ఒక్కపూట తిని రావాలె" అని ఆయన నాలుగైదు సార్లు అన్నాక డాక్టరును అడిగాను. మెషిన్ ఆగకపోతే రోడ్డు ప్రయాణం చేయవచ్చని, ఆగితే మాత్రం పది నిమిషాల్లో ఆయన రక్తంలో ఆక్సిజన్ రీడింగ్ ఎనభై అయిదు కిందికి పడిపోతుందని చెప్పారు. నాకు మొదటి మాట కంటే రెండోదే ఎక్కువగా వినిపించింది.

పడుకోవడానికి వీలుండాలి, రాత్రంతా కరెంటు ఉండాలి కాబట్టి కారు పనికిరాదు. అందుకే పాత ట్రావెలర్ వ్యాను కొన్నాం. దాన్ని పదేళ్లు కిరాయికి నడిపిన యాదగిరే ఇప్పుడు మాకూ డ్రైవరు. కోదాడలో ఒక షెడ్డులో మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, మరుగుదొడ్డి బిగించారు. కరెంటు పని ఒక్కటే మిగిలింది. బయలుదేరే ముందు మా ఆయనతో ఒక మాట అనుకున్నాను. ఇన్వర్టర్, బ్యాటరీ బిగించిన రోజే కోదాడ నుంచి మిర్యాలగూడ మీదుగా ఇంటికి చుట్టి వస్తాం. ఆ దారిలో కరెంటు పోయి మెషిన్ ఒక్కసారి కూత పెట్టినా వ్యాను అమ్మేస్తాం. "సరే" అన్నారాయన.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. సూర్యాపేట నుంచి కోదాడకు హైవే మీద సుమారు నలభై అయిదు కిలోమీటర్లు, గంట ప్రయాణం. వ్యానులో అప్పటికింకా కరెంటు లేదు కాబట్టి ఆయనను చిన్న సిలిండర్ మీద తీసుకెళ్లాను. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే అది రెండు గంటల పది నిమిషాలు వస్తుందని ఇంట్లో గడియారం పెట్టి చూసుకున్నాను. కోదాడలో షెడ్డు కరెంటుకు మెషిన్ తగిలించేసరికి గంటా ఇరవై అయిదు నిమిషాలు ఖర్చయ్యాయి. మిగిలింది ముప్పావు గంట.

షెడ్డు యజమాని ప్రసాదరావు గారు మంచి పనివాడు, మాటకారి కూడా. రెండు పెద్ద ట్యూబులర్ బ్యాటరీలు, ఎనిమిది వందల యాభై కెపాసిటీ ఇన్వర్టర్ అప్పటికే బయట పెట్టి ఉంచారు. "ఇదిగోండమ్మా, ఇళ్లల్లో పెట్టే సరుకే. యాభై వేలలో తేలిపోద్ది. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటే చాలు" అన్నారు.

"ఆ బ్యాటరీల మీదనే మంచం ఉంటది గద. చార్జింగ్ అయితుంటే వచ్చే గ్యాస్ ఎటు పోతది?" అని అడిగాను.

"కిటికీ కాస్త తీసి పెట్టుకుంటే పోద్దండి."

"దోమలకు కిటికీలు మూస్తం. పైన పండేది ఊపిరాడని మనిషి."

ప్రసాదరావు గారు తల గోక్కున్నారు. నేను నోట్‌బుక్ తీశాను. మెషిన్ వెనక రాసి ఉన్నది మూడు వందల యాభై వాట్లు. రాత్రంతా ఎనిమిది గంటలు నడిస్తే రెండు వేల ఎనిమిది వందల యూనిట్లు అనుకుందాం (వాట్లను గంటలతో గుణించిన లెక్క ఇది, కరెంటు బిల్లు యూనిట్లు కావు). ఫ్యాను, లైటు, మందుల కోసం ఫ్రిజ్, ఇన్వర్టర్ తాను తినేది కలిపితే మూడు వేల ఆరు వందలు. రెండు ట్యూబులర్లలో కాగితం మీద సరిగ్గా అంతే ఉంటుంది. కానీ సగం కంటే ఎక్కువ వాడితే అవి తొందరగా పాడవుతాయి. అంటే అర్ధరాత్రికే మా ఆయన గాలి ఆగిపోతుంది. లిథియం బ్యాటరీ అయితే అయిదు వేల వంద వస్తుంది, అందులో నాలుగు వేలు ధైర్యంగా వాడుకోవచ్చు. బరువు సగం కూడా ఉండదు. మలుపుల్లో యాసిడ్ ఒలుకుతుందనే భయం లేదు. ధర మాత్రం లక్షా అయిదు వేలు. రెండు నెలలుగా నాలుగు షాపుల్లో అడిగి రాసుకున్న లెక్క ఇది, అందుకే గట్టిగానే చెప్పాను.

బ్యాటరీ సంగతి ఒప్పుకున్నా, ఇన్వర్టర్ మాత్రం చిన్నదే చాలని ప్రసాదరావు గారు పట్టుబట్టారు. బల్బు, ఫ్యాను వేసి చూపించారు. రెండూ చక్కగా నడిచాయి. "చూశారుగా?"

మంచం మీద నుంచి మా ఆయన అందుకున్నారు. "బల్బు ఊపిరి పీల్సదు సేటూ. నా మెషిన్ పెట్టి సూడు."

నేను ఆయనను సిలిండర్ మీదికి మార్చి, రెండు నిమిషాలే అని చెప్పి మెషిన్ తగిలించాను. లోపలి కంప్రెసర్ ఒక్కసారి గుర్రుమంది. ఎర్ర లైటు వెలిగి ఇన్వర్టర్ చచ్చింది. మళ్లీ వేశారు, మళ్లీ చచ్చింది. నడిచేటప్పుడు మూడు వందల యాభై తీసుకునే మెషిన్, మొదలయ్యేటప్పుడు దానికి మూడింతలు లాగుతుంది. మూడోసారి వేయవద్దని చెప్పాను. చివరికి రెండు వేల అయిదు వందల కెపాసిటీ ఉన్నది, ఇంటి కరెంటులా సాఫీగా వచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకం, పంతొమ్మిది వేల అయిదు వందలకు తీసుకున్నాం. అది మెషిన్‌ను మొదటి ప్రయత్నంలోనే లేపింది. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీని నింపే చార్జర్ పదహారు వేలు, వైర్లు, ఫ్యూజులు, బిగింపు ఎనిమిది వేల అయిదు వందలు. అంతా కలిపి లక్షా నలభై తొమ్మిది వేలు.

పన్నెండున్నరకు బిగింపు అయింది. మా ఇంట్లో మిక్సీ కొన్నా పూలు పెట్టకుండా స్విచ్ వేయం. ఇన్వర్టర్‌కు పసుపు, కుంకుమ పెట్టి, కొత్త రవికెగుడ్డ పరిచి, బంతిపూల దండ వేశాను. యాదగిరి కొబ్బరికాయ కొట్టాడు. దండం పెట్టుకొని, అవి బిగించిన మంచం కింది పెట్టె మూత వేసి, పైన పరుపు సర్దాను. మా ఆయన అప్పుడు షెడ్డులో కుర్చీలో కూర్చొని ఉన్నారు. నేను లోపల ఏం చేశానో చూడలేదు.

సిలిండర్ అక్కడే నింపించాలనుకున్నాం. గ్యాసు బండి సాయంత్రానికి గాని రాదన్నారు. యాదగిరి నా ముఖం చూశాడు. "ఆగుదామా వదినా? నీ ఇష్టం." సాయంత్రం దాకా ఆయనను ఆ రేకుల షెడ్డు వేడిలో ఉంచడం ఇష్టం లేదు. బ్యాటరీ నిండుగా ఉంది కదా అనుకున్నాను. "పోదాం" అన్నాను.

ఒంటిగంటకు కదిలాం. కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా యాభై కిలోమీటర్ల పైన ఉంటుంది. హుజూర్‌నగర్‌లో మఠంపల్లి వైపు నుంచి వచ్చే సిమెంటు లారీల మధ్య చాలాసేపు నిలబడ్డాం. అక్కడే మెస్సులో మూడు భోజనాలు కట్టించుకున్నాను, ఒక్కోటి తొంభై. ఆయన కిటికీ పక్కన పడుకొని బయట వరికోత మిషన్లను చూస్తూ, ఏ పొలంలో ఏ రకం వడ్లో యాదగిరికి చెబుతున్నారు. వేలికి తగిలించిన మీటరులో తొంభై నాలుగు ఉంది.

నేరేడుచర్ల దాటిన పది నిమిషాలకు మెషిన్ కూత పెట్టింది.

ఆ కూత ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఎన్నోసార్లు విన్నాను. ఇంట్లో అయితే జనరేటరు వేస్తాం. ఇక్కడ రెండు వైపులా పొలాలే. ముందు రోడ్డు మీద ధాన్యం లారీలు, ట్రాక్టర్లు బారు కట్టి ఉన్నాయి.

"వదినా, ఆపాల్నా, కొట్టాల్నా?" యాదగిరి అరిచాడు.

"నీడ సూసి ఆపు!"

తొంభై ఒకటి. సిలిండర్ మంచం తలవైపు కట్టి ఉంది, చాబీ దానికే తాడుతో వేలాడుతోంది. తిప్పాను. గొట్టం మార్చేటప్పుడు చేతిలోంచి జారింది. ఎనభై ఎనిమిది. ఆయన పెదవులు నల్లబడుతున్నాయి. "జర ముక్కుతోని తీస్కోండ్రి, మాట్లాడకుండ్రి" అన్నాను. నిజానికి ఆయన ఏమీ మాట్లాడడం లేదు. ఎనభై ఆరు. అక్కడే కాసేపు ఆగింది. తర్వాత ఎనభై ఏడు, తొంభై. అప్పుడు సిలిండర్ ముల్లు చూశాను. షెడ్డులో పోయింది పోగా నలభై నిమిషాలకు మించి లేదు. మిర్యాలగూడ ఇంకా పన్నెండు కిలోమీటర్లు. ఆ లారీల బారులో ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు.

"అంబులెన్సుకు కొట్టమంటవా?" యాదగిరి ఫోను చేతిలో పట్టుకొని వెనక్కి వచ్చాడు.

"పది నిమిషాలు ఆగుదాం. కాకపోతే కొట్టు" అని గడియారం చూసుకున్నాను. ఇద్దరం పట్టి ఆయనను ఎదుటి సీటులోకి మార్చి, పరుపు లాగి పెట్టె మూత ఎత్తాం. పొయ్యి మీది గిన్నె మూత తీసినట్టు సెగ ముఖాన కొట్టింది.

"గా వాసనేంది? పూలు ఉడికినట్టు..." అన్నారు ఆయన, ఊపిరి కూడదీసుకుంటూ.

దండ జారి ఇన్వర్టర్ పక్కన గాలి లాగే జాలీకి అంటుకొని ఉంది. కొన్ని రేకులు లోపలి ఫ్యాను దాకా పోయాయి. రెండో వైపు వేడి బయటికి పోయే చోట నేను మడత పెట్టి పరిచిన రవికెగుడ్డ. బ్యాటరీకి ఏమీ కాలేదు, తొంభై శాతం చూపిస్తోంది. వైర్లు చల్లగానే ఉన్నాయి. ఊపిరాడక ఆగిపోయింది ఇన్వర్టర్. దాని ఊపిరి ఆపింది నేను.

యాదగిరి పట్టుకారుతో రేకులు ఏరాడు. నేను భోజనాల అట్టపెట్టె చింపి ఆ అట్టతో ఇన్వర్టర్‌కు విసిరాను. ఎనిమిదో నిమిషంలో ఎర్ర లైటు ఆరింది. స్విచ్ వేస్తే మెషిన్ లేచింది. ఆయనను మళ్లీ దాని గొట్టానికి మార్చాను. మూత తెరిచే ఉంచి, మిర్యాలగూడ దాకా ఆ పెట్టె పక్కనే నేల మీద కూర్చున్నాను. మాలో ఎవరూ అమ్మకం మాట ఎత్తలేదు.

మూడుంబావుకు ఆయన పనిచేసిన మిల్లు చేరాం. అక్కడి ఎలక్ట్రీషియన్ సలీం భాయ్ ఆయనకు పాత జోడీ. వ్యానెక్కి పెట్టె చూసి, జరిగింది విని నెత్తి కొట్టుకున్నాడు.

"వదినమ్మా, మిల్లుల కొత్త మోటారుకు మేం గూడ దండేస్తం. బటన్ నొక్కేముందల తీసి గోడకు వేస్తం. గీ సంగతి నాకు నేర్పిందే మీ ఆయన! ఏం లింగన్నా, ఇంట్ల చెప్పలేదా?"

"ఇంట్ల నా మాట ఎవరింటరు?" అన్నారు ఆయన. నవ్వబోతే దగ్గు వచ్చింది. సలీం భాయ్ వీపు రాస్తూ నిలబడ్డాడు.

తర్వాత పెట్టెకు రెండు వైపులా రంధ్రాలు కోసి జాలీలు బిగించాడు. వేడి బయటికి లాగే చిన్న ఫ్యాను పెట్టాడు. సామానుకే ఆరు వందలు తీసుకున్నాడు, కూలి తీసుకోలేదు. "ఇగ మిల్లు పద్ధతిల సూద్దాం. ఎండల పెట్టి, తలుపులన్నీ మూసి, ఫుల్ లోడు మీద రెండు గంటలు" అన్నాడు. ముందు యాదగిరిని పంపి సిలిండర్ నింపించాను, అది రెండు వందల యాభై. అది చేతికి వచ్చాకే మూత వేయనిచ్చాను. ఆయన మంచం మీద, నేను ఎదుట. మెషిన్, ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు అన్నీ నడుస్తున్నాయి. ఇంజను ఆపేశాం. పది నిమిషాలకోసారి జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూశాను, మీటరు అంకె రాసుకున్నాను. తొంభై నాలుగు, తొంభై నాలుగు, తొంభై మూడు. ప్రతి చిన్న చప్పుడుకూ నా చెయ్యి సిలిండర్ చాబీ మీదికి పోయింది. అరగంట తర్వాత చూస్తే ఆయన నిద్రపోతున్నారు. దవాఖాన, ఇల్లు కాక మూడో చోట ఆయన నిద్రపోవడం పద్నాలుగు నెలల్లో అదే మొదలు. రెండు గంటల్లో బ్యాటరీ తొంభై రెండు నుంచి డెబ్బై ఒకటికి దిగింది. మెషిన్ కూత పెట్టలేదు.

ఆరింటికి తలుపు తీసేసరికి ఆయన మెలకువగా ఉన్నారు. "మాట అన్నవ్ గద రాధా. కూతైతే పెట్టింది. అమ్ముదామా?"

ఆ మాట నిలబెట్టుకోవడమే తేలిక. అమ్మేస్తే ఇక భయపడే పని ఉండదు. ఆయన గొట్టం మళ్లీ వంటింటి గడప దగ్గర ఆగుతుంది. "యాదగిరిని ఇంకో సిలిండర్ కొననీకి పంపిన. రెండు నింపుకొని బేస్తారం పొద్దుగాల అక్క దగ్గరికి పోదాం" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి పడుకున్నారు. ఏడుంబావుకు ఇల్లు చేరాం. మొత్తం సుమారు నూట యాభై కిలోమీటర్లు, డీజిల్ పద్నాలుగు వందల యాభై.

రెండు నెలలు నేను వాట్లు, గంటలు, ధరలు అన్నీ చూసుకున్నాను. ఏ షాపువాడు ఎక్కడ మోసం చేస్తాడో అని కాపు కాశాను. తప్పు జరిగింది మాత్రం నేను భక్తితో, కళ్లు మూసుకొని చేసిన చోట. ఎనభై ఆరు అనే అంకె ఇంకా కళ్ల ముందు నుంచి పోలేదు, పోకూడదు కూడా. భయం పోయాక బయలుదేరాలంటే మేం ఎప్పటికీ బయలుదేరలేం. అందుకే భయాన్ని కూడా సామానులో ఒకటిగా లెక్కవేసి, రెండో సిలిండర్ పక్కన దానికీ చోటు పెట్టాను.

మీరూ ఇలాంటి వ్యాను సిద్ధం చేసుకుంటుంటే ఒక్క పని తప్పక చేయండి. మొదటి ప్రయాణానికి ముందు మిట్టమధ్యాహ్నం ఎండలో వ్యాను నిలిపి, ఇన్వర్టర్ పెట్టె మూత, తలుపులు మూసి, మీరు నిజంగా వాడే మెషిన్‌నే రెండు గంటలు నడిపి చూడండి. ఆ రెండు గంటలూ నిండు సిలిండర్ పక్కన పెట్టుకొని లోపలే కూర్చోండి.