కొంగులో గువ్వ

కోరుట్ల బస్టాండులో సిరిసిల్ల బస్సు కోసం చూస్తుండగా, ఒక డేగ గాలిలోనే గువ్వను తన్నింది. గువ్వ దాని గోళ్లలోంచి జారి, నా పక్కన కూర్చున్న ముసలామె కాళ్ల దగ్గర పడింది. రొమ్ము చీలిపోయి ఉంది. డేగ ఎదుటి ప్రహరీ మీద వాలి ఇటే చూస్తోంది. ఆమె గువ్వను తీసి కొంగులో పెట్టుకుంది.

ఏది చూసినా లెక్క కట్టడం నాకు అలవాటు. "దాన్ని ఇడిసిపెట్టు అవ్వా. నువ్వు దీన్ని దాస్తే ఆ డేగ ఆకలికి ఇంకోదాన్ని సంపుతది. ఒకటి పోయేకాడ రెండు పాణాలు పోతయి," అన్నాను.

"నీ లెక్క మంచిగనే ఉన్నది కొడుకా. ఇది బతుకదని నాకు గూడ ఎరికే. పాణముండంగ పీక్క తింటుంటే సూడలేను. పాణం పోయినంక దానిది దానికే ఇస్త."

ఇంతలో బస్సు వచ్చింది.

"ఏందవ్వా, గువ్వకు గూడ ఆధార్ కార్డు చూపించి ఫ్రీ టికెట్ అడుగుతవా? జల్ది ఎక్కు, మల్ల రెండు గంటలదాంక బస్సు లేదు!" అని కండక్టర్ అరిచాడు.

"దీని గుండె ఇంకా కొట్టుకుంటున్నది. నువ్వు పో," అంది ఆమె కండక్టర్‌తో, కొంగు మీది చెయ్యి తీయకుండా.

బస్సు వెళ్లిపోయింది. చాలాసేపటికి ఆమె లేచి, గువ్వను ప్రహరీ మీద పెట్టి, వెనక్కి వచ్చేసింది. డేగ దాన్ని ఎత్తుకుపోయింది.

"మరి నువ్వెందుకు పోలే?" అని అప్పుడు నన్ను అడిగింది.

నా లెక్క తప్పని ఇప్పటికీ అనుకోను. అయినా అప్పుడు నీళ్ల సీసా మూత తీసి, రక్తమంటిన ఆమె చేతుల మీద పోశాను.