చెవి అని రాసిన చీటీ

మా మామగారు పోయి ఈ గురువారానికి పదహారు రోజులు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా "అదృష్టవంతుడు, ఎవరిచేతా చేయించుకోకుండా దాటిపోయాడు" అంటున్నారు. గుమ్మం పక్కన నిలబడి విన్నాను. అది నిజం కాదని చెప్పడానికి నోరు రాలేదు. నాలుగో తరగతి దాకా చదువుకున్నాను. నలుగురిలో మాట్లాడలేను గాని రాయగలను. అందుకని ఇది రాస్తున్నాను.

మాది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. మామగారు చేపలు పట్టే వెదురు మావులు అల్లేవారు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆయనకు రెండు చెవులూ పూర్తిగా వినపడవు. మామగారి ఎదుట నోరు విప్పకూడదని గణపవరం నుంచి పంపేటప్పుడు మా అమ్మ మరీమరీ చెప్పింది. అత్తగారు అందరితోనూ అనేవారు: "ఈయనకి వినపడదు, ఈ పిల్ల మాట్లాడదు. ఇంట్లో ఉన్న నోరల్లా నాదే. పైగా గయ్యాళినని పేరు!"

"మీ అత్త తిడుతుంటే వాన చూస్తున్నట్టు ఉంటుందమ్మాయ్. తడవను" అని మామగారు గట్టిగా నవ్వేవారు.

ఆయన వసారాలో గుంజకు వీపు ఆనించి అల్లుతూ కూర్చునేవారు. ఆ గుంజ మీద నేను రెండుసార్లు తడితే అన్నం వడ్డించానని, ఒకసారి తడితే ఎవరో వచ్చారని. వీపుకు తెలిసిపోయేది. దోనెలో వెళుతుంటే నీళ్ళు తగిలే తీరునుబట్టి లోతు చెప్పేవారు. కొత్తలో ఒకరోజు నేను పొయ్యి దగ్గర ఏడుస్తున్నాను. పొగ అనుకుని అత్తగారు పట్టించుకోలేదు. మామగారు చూసి, వెళ్ళి దోనె ఒడ్డుకు చేర్చి, గెడ పట్టుకుని నిలబడ్డారు. పుట్టింటికి తీసుకువెళతానని అర్థం.

పోయిన ఏడాది కార్తీకం దాటాక ఆయనకు కడుపునొప్పి మొదలైంది. అన్నం సగంలో లేచిపోయేవారు. మా ఆయన తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో పని చేస్తారు, పదిహేను రోజులకొకసారి గాని రారు. అత్తగారికి బస్సు ఎక్కితే వాంతులు. "నీకు అక్షరం ముక్క వచ్చుగా, నువ్వే తీసుకెళ్ళు" అన్నారు.

దోనె దిగి, బస్సెక్కి, ఏలూరులో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. కిటికీ దగ్గర చీటీ రాసే గుమాస్తా "పేరేంటమ్మా?" అని అడిగారు. మామగారి పేరు నేనెలా పలుకుతాను? వెనకున్న ఆవిడ నవ్వి, "మామగారేమోనండీ, ఆ పిల్ల చెప్పదు. పెన్సిలు ఇవ్వండి, రాస్తుందేమో" అంది. ఇచ్చారు. నేను తలవంచుకుని పేరు రాస్తున్నాను. ఆ కాస్తలోనే గుమాస్తా మామగారి వైపు తిరిగి, "ఏంటి బాధ?" అన్నారు. ఎవరు పెదవులు కదిపినా చేసినట్టే మామగారు చెవి మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపారు, నాకు వినపడదండీ అని. గుమాస్తా ఏదో ఇంగ్లీషులో రాసి చీటీ ఇచ్చారు. పేరు గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

"ఆడవాళ్ళు అటు కూర్చోవాలి" అని గుమాస్తా నాకు బల్ల చూపించారు. మామగారు ఒక్కరే లోపలికి వెళ్ళారు. ఆయనకు వినపడదండీ, నేను వెంట ఉండాలి అని ఒక్క మాట అనాల్సింది. మనసులో చాలాసార్లు అన్నాను.

కాంపౌండరు చిన్న సీసా ఇచ్చి, "చెవిలో పొద్దున రెండు చుక్కలు, సాయంత్రం రెండు చుక్కలు" అన్నారు.

"కడుపండీ" అన్నాను. నా మాట నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను.

"చీటీలో చెవి అని ఉందమ్మా. డాక్టరుగారు వెళ్ళిపోయారు. రేపొచ్చి ఇంకో చీటీ రాయించుకో."

సీసా చేతికి తీసుకున్న మామగారి ముఖం వెలిగిపోతోంది. ఆయన చెవికి అంతవరకు ఎవరూ ఏ మందూ ఇవ్వలేదు. బస్సులో పక్కవాళ్ళందరికీ సీసా చూపించారు. "డాక్టరు రెండు చెవుల్లోనూ లైటు వేసి చూశాడు" అని ఊళ్ళో చెప్పుకున్నారు. మర్నాడు మళ్ళీ వెళ్ళమని అత్తగారు కడుపు చూపించి సైగ చేస్తే, "అది తర్వాత. ముందు దీని సంగతి తేలనీ" అన్నారు.

మా ఆయన వచ్చేసరికి పన్నెండు రోజులైంది. ఈసారి ఆయనే తీసుకెళ్ళారు. డాక్టరు కడుపు నొక్కి చూసి, "ముదిరిపోయింది. ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అని అడిగారట. మా ఆయన ఆ మాట చెబుతూ నా వైపు చూడలేదు. చూసి ఏదైనా అని ఉంటే బాగుండేది.

ముందే చూపిస్తే బతికేవారో లేదో నాకు తెలియదు. చెప్పుకోలేనివాళ్ళ వెంట ఒక మనిషిని లోపలికి రానిస్తే, ఆ మనిషి ఆడదైనా సరే, కనీసం ఆ రోజే కడుపు మందు దొరికేదని మాత్రం తెలుసు.

చివరి రోజుల్లో గంజి కూడా పట్టలేదు. చుక్కలు మాత్రం మానలేదు. ఒక సాయంత్రం ఎప్పటిలాగే నులకమంచం మీద పక్కకు తిరిగి, ఒక చెయ్యి పొట్ట మీద అదిమిపెట్టుకుని, చెవి పైకి పెట్టి కళ్ళు మూసుకున్నారు. చుక్కలు వేశాను. అవి లోపలికి దిగనిచ్చి, "ఏదన్నా అను, అమ్మాయ్" అన్నారు.

మొదటిసారి ఆయనతో మాట్లాడటానికి నోరు విప్పాను. "మావయ్యగారూ, కడుపులో ఎలా ఉందండీ?" అన్నాను. ఇంకా గట్టిగా అన్నాను. పొరుగింటావిడ పని వదిలేసి మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను అరుస్తూనే ఉన్నాను.

మామగారు కళ్ళు తెరవలేదు. చెవి అలాగే పైకి పెట్టి, "అనమ్మా, సిగ్గెందుకు?" అన్నారు.