అవతలి పక్క

చోడవరం జంక్షన్ అంటే నాకు అప్పుడూ అసహ్యమే, ఇప్పుడూ అసహ్యమే. బస్సు దిగగానే మనిషికి ముందు తగిలేది దాని కంపు. అనకాపల్లి నుంచి వచ్చే రోడ్డు, వడ్డాది పోయే రోడ్డు, దేవరాపల్లి రోడ్డు, ఊళ్ళోకి పోయే బజారు రోడ్డు, నాలుగూ వచ్చి అక్కడే ఒకదాని మీద ఒకటి పడేవి. తొంభైల మొదట్లో జీపులూ ఆటోలూ ఒక్కసారిగా పెరిగాయి. రోడ్డు మాత్రం ఎడ్లబళ్ళ నాటి వెడల్పులోనే ఉండిపోయింది.

చెరుకు సీజన్లో ఆ నరకం చెప్పనక్కర్లేదు. గోవాడ ఫ్యాక్టరీకి పోయే బళ్ళు, ట్రాక్టర్లు, లారీలు పొద్దున్నుంచీ బారులు తీరేవి. లోడు మీంచి జారిన గడలు చక్రాల కింద నలిగేవి. ఆ రసం పేడలో కలిసి ఎండకి పులిసి జిగురుగా తయారయ్యేది. అడుగు వేస్తే కాలొక్కటే పైకి వచ్చేది, చెప్పు అక్కడే ఉండిపోయేది. ఇక ఈగలు. టీ తాగాలంటే ఒక చెయ్యి గ్లాసుకి, ఒక చెయ్యి ఈగలకి. ఇరుక్కుపోయిన బస్సుల్లోంచి జనం కింద ఎవరున్నారో చూడకుండా కిళ్ళీ ఉమ్మేవాళ్ళు. కాలేజీలో చేరిన కొత్తలో నా తెల్లచొక్కా భుజం మీద అలా ఒకడు ఉమ్మాడు. తలెత్తి తిడితే, "సూసుకు నడవాల బాబూ" అని నాకే బుద్ధి చెప్పాడు. మా అమ్మ ఎంత ఉతికినా ఆ మరక పోలేదు.

ఆ జంక్షన్లోనే, రోడ్డుకి పడమర పక్కన, మా నాన్న రేకుల కొట్టు ఉండేది. పంపు స్టవ్వులు, గొడుగులు, టార్చిలైట్లు బాగుచేసేవాడు. ఆయనకి కుడి మోకాలు వంగదు. వయసులో ఉండగా సంతలు తిరిగి పని చేసేవాడట. కాలు అలా అయ్యాక తిరగలేక, బస్సులు ఆగే చోట కొట్టు పెట్టుకున్నాడు. దేవరాపల్లి నుంచో, వడ్డాది నుంచో ఆడవాళ్ళు గోనెసంచిలో స్టవ్వు పెట్టుకుని బస్సు దిగేవాళ్ళు. నాలుగడుగులు వేసి దాన్ని ఆయన ముందు పెట్టి, బజారు పని చూసుకుని, బాగైన స్టవ్వుతో తిరుగు బస్సెక్కేవాళ్ళు. ఆ నాలుగడుగుల మీదే మా ఇల్లు నడిచింది. కొట్టు ఒక వీధి లోపలికి పోయిందంటే కిరసనాయిలు కంపు కొట్టే స్టవ్వుని మోసుకుంటూ అంతదూరం ఎవరూ రారు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు, ఎందుకంటే నా చదువంతా అక్కడినుంచే వచ్చింది.

జంక్షన్ వెడల్పు చేస్తారని మొదటిసారి విన్నప్పుడు అందరికన్నా నేనే ఎక్కువ సంబరపడ్డాను. అప్పటికి డిగ్రీ పూర్తిచేసి ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతున్నాను. మధ్యలో సర్కిల్ కడతారట, నాలుగు రోడ్లూ వెడల్పు చేస్తారట, కాలవలు తీస్తారట. ఆ పేడా, ఆ ఈగలూ, ఆ ఉమ్ములూ అన్నీ పోతాయనుకున్నాను.

టేపులు పట్టుకుని మనుషులు వచ్చి కొలిచి వెళ్ళాక మా పక్క కొట్లవాళ్ళకి గుబులు మొదలైంది. రోడ్డు ఏదో ఒక పక్కకే జరుగుతుందని తెలిసింది. పడమర పక్క మావి పన్నెండు రేకుల కొట్లు, వాటి వెనక బీడు. తూర్పు పక్క రోడ్లవాళ్ళ ఆఫీసు, దాన్ని ఆనుకుని ఒక లారీల యజమాని ప్రహరీ, ఆ ప్రహరీకి ముందు పొడుగ్గా ఖాళీ జాగా. తూర్పు పక్కకి జరిపితే ప్రహరీ ఒక బారెడు వెనక్కి పోతుంది, అంతే. ఇటు జరిపితే పన్నెండు కుటుంబాలు రోడ్డున పడతాయి. అర్జీ పెట్టుకుందామన్నారు. రాయడానికి నేనున్నాను కదా.

ఒక మధ్యాహ్నం కొట్లో కూర్చుని రాశాను. నాన్న ఒక స్టవ్వు బర్నరు పిన్నుతో పొడుస్తూ, రాయాల్సింది చెప్పాడు.

"తూరుపేపు కాళీగుంది, రోడ్డు తూరుపేపుకి జరపండి, పడమరేపు మేం పన్నెండు కొట్లోళ్ళం బతుకుతన్నాం అని రాయు. అంతే."

మా వైపు జనం దిక్కులతోనే మాట్లాడతారు. మంచం జరపాలన్నా కాస్త ఉత్తరానికి జరపమంటారు. భోజనాల బంతిలో కూర్చున్నవాడిని కొంచెం పడమరకి జరగమంటారు. పట్నంలో చదువుకుని వచ్చిన నాకు అది మొరటుగా వినిపించేది. పైగా ఒకే మాట మళ్ళీ మళ్ళీ రాయకూడదని కాలేజీలో మా తెలుగు లెక్చరరు నూరిపోశాడు. అర్జీ ఎలా రాశానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. 'రోడ్డునకు అవతలి పక్క విశాలమైన ఖాళీ స్థలము కలదు. కావున సదరు రోడ్డును అవతలి పక్కకు విస్తరించుటకు మాకు ఏ విధమైన అభ్యంతరమూ లేదని సవినయముగా మనవి చేసుకొనుచున్నాము.' పైకి చదివి వినిపించాను. ఇడ్లీలమ్ముకునే ఆవిడ పక్కకొట్టులోంచి వచ్చి, అర్థం కాకపోయినా బాగుందంది. నాన్న మాత్రం పిన్ను ఆపాడు.

"అవతలి పక్కేటిరా? తూరుపని రాయు."

"తూర్పూ పడమరా అంటే పొలం దస్తావేజులా ఉంటాది నాన్నా. ఇది సదివేవాడు ఇంజినీరు."

"ఆడికి మాత్రం పొద్దు తూరుపున పొడవదేటి?"

నేను నవ్వి ఊరుకున్నాను. చిన్నపిల్లాడి మాట విన్నట్టు విన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే నామీద నాకే రోత పుడుతుంది.  నాన్న నూనె చేతిని లుంగీకి తుడుచుకుని మొట్టమొదట తనే సంతకం పెట్టాడు. తరవాత మిగతావాళ్ళు, సంతకం రానివాళ్ళు వేలిముద్రలు. అర్జీని నేనే తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. స్కూల్లో పిల్లలకి ఆ వారం లేఖారచన పాఠం చెబుతూ మా అర్జీనే ఉదాహరణగా బోర్డు మీద రాశాను కూడా.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న మా పన్నెండు కొట్ల మీదా ఎర్రరంగుతో అడ్డగీతలు కనిపించాయి. తూర్పు పక్క ప్రహరీ మీద ఒక్క చుక్కయినా లేదు.

అందరూ కలిసి ఆఫీసుకి వెళ్ళాం. ఇంజినీరు కిటికీ పక్కన కుర్చీలో కాళ్ళు చాపుకుని, మోటారు సైకిలు తాళాన్ని చెవిలో పెట్టి తిప్పుకుంటున్నాడు. తిప్పడం, బయటికి తీసి చూసుకోవడం, ప్యాంటుకి తుడుచుకోవడం, మళ్ళీ పెట్టుకోవడం. ఫైలు తీయమంటే గుమాస్తా నోట్లో కిళ్ళీతో వచ్చి, వేలు నాలుక మీద తడుపుకుని కాగితాలు తిప్పాడు. నేను ముత్యాల్లా రాసిన అర్జీ అంచున వాడి ఎర్ర ఉమ్ము అంటింది. 

"మీరే రాశారు కదయ్యా" అన్నాడు ఇంజినీరు. అతనిది ఈ ప్రాంతం కాదు. "సదరు రోడ్డును అవతలి పక్కకు విస్తరించుటకు మాకు ఏ విధమైన అభ్యంతరమూ లేదు. సంతకాలు కూడా ఉన్నాయి. ఇదిగో, కిటికీలోంచి చూడండి. అవతల ఎవరున్నారు?"

కిటికీలోంచి చూస్తే ఎదురుగా మా కొట్లు, వాటి వెనక ఖాళీ బీడు. మా నాన్న కొట్టు చూరుకి వేలాడదీసిన నల్లగొడుగు కూడా కనిపిస్తోంది.

నాన్నకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ జోడించాడు. "బాబూ, అవతలంటే ఇటండి. మేం అటు కూకుని రాసేం."

"ఎటు కూర్చుని రాశారో కాగితం మీద లేదు."

నాకు ఒళ్ళు మండింది. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి కదా సార్, అన్నాను. ఏం పని చేస్తావని అడిగాడు. తెలుగు మేష్టర్నని చెప్పాను. అతను గుమాస్తా వైపు చూసి నవ్వాడు. "సందర్భాలు మీ స్కూల్లో చెప్పండి మాస్టారూ. ఇక్కడ కాగితమే" అన్నాడు. అప్పుడే లారీల యజమాని ఇంట్లోంచి ఫ్లాస్కుతో టీ వచ్చింది. గ్లాసులు కడగకుండానే పోసుకున్నారు.

వాళ్ళు నిజంగా తప్పు చదివారా, కావాలని చదివారా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. కావాలనే అని తొంభై పాళ్ళు నమ్ముతాను. కానీ వాళ్ళకి ఆ వీలు ఇచ్చింది నేను. పన్నెండు కుటుంబాల చేత అభ్యంతరం లేదని రాయించి, వేలిముద్రలు వేయించి, నా చేత్తోనే తీసుకెళ్ళి అప్పజెప్పాను. 'తూర్పు' అని ఒక్క మాట ఉంటే వాళ్ళు ఏ కిటికీలోంచి చూసినా అది తూర్పే. ఆ తరవాత ఇంకో అర్జీ పెట్టాం, పై ఆఫీసుకి తిరిగాం. ఎక్కడికి పోయినా ముందు మా మొదటి అర్జీయే తీసి చూపించేవారు.

కొట్లు తీసే పొద్దున్న ఆఫీసు మనుషులు వచ్చేదాకా నాన్న ఆగలేదు. తనే నిచ్చెన మీద ఒంటికాలితో నిలబడి రేకుల మేకులు ఊడబీకాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. ఇడ్లీల ఆవిడ పొయ్యిరాళ్ళు పెకలించుకుంటూ నా వైపు చూడకుండా నాన్నతో అంది.

"అన్నా, నీ కొడుకు సదువుకున్నోడని ఏలిముద్రలేసేం. మన సేతే మన కొట్లు పీకించేడు."

"ముందు సంతకం నాది సెల్లీ. తిడితే నన్ను తిట్టు."

చుట్టూ జనం మూగారు. వాళ్ళలో ఎందరి స్టవ్వులు నాన్న బాగుచేశాడో. ఒక్కడు చెయ్యి వేయలేదు. మేం రేకులు దించే సందులో కొట్టు ముందు బల్లని ఎవరో ఎత్తుకుపోయారు కూడా. మనుషులంటే అంత ఏవగింపు నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

జంక్షన్ తయారైంది. మధ్యలో గుండ్రంగా సర్కిల్, చుట్టూ ఇనప కటకటాలు, పేర్లు చెక్కిన రాయి, ప్రారంభం రోజున దండలు, మైకు. ఆర్నెల్లు తిరగకుండానే ఖాళీ చేసిన మా జాగాలో జీపులూ ఆటోలూ స్టాండు పెట్టుకున్నాయి. వాటి పక్కన లారీల యజమాని లారీలు. చెరుకు సీజన్ రాగానే ఇదివరకు రెండు వరసల్లో ఇరుక్కునే బళ్ళు నాలుగు వరసల్లో ఇరుక్కున్నాయి. సర్కిల్లో వేసిన పూలమొక్కల్ని మేకలు మేశాయి. రాయి వెనక్కి పోయి మగవాళ్ళు ఒంటేలు పోసేవాళ్ళు. పేడ అదే, ఈగలు అవే, ఉమ్ములూ అవే. ఇప్పుడు వాటికి జాగా ఎక్కువైంది, అదే తేడా.

నాన్న ఇంటి అరుగు మీద పని పెట్టుకున్నాడు. మా ఇల్లు జంక్షన్‌కి మూడు వీధుల లోపల. నెలకి ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. పనిముట్ల పెట్టె పట్టుకుని బస్సులు ఆగే చోటికి పోయి నేల మీద కూర్చుంటే, "లెగు లెగు, ట్రాఫిక్కు" అని హోంగార్డు లేపేవాడు. వంగని కాలుతో లేవడానికి ఆయనకి ఎంతసేపు పడుతుందో తెలిసినవాడెవడూ అలా అదలించడు.

ఆ వేసవిలో, కొట్లు పోయినవాళ్ళకి బస్టాండు గోడ పక్కన బడ్డీలు పెట్టుకోనిస్తారని, మండలాఫీసులో అర్జీలు తీసుకుంటున్నారని తెలిసింది. ఆ మాట ఇంట్లోకి తెచ్చింది నాన్నే. భోజనం చేస్తూ అమ్మతో చెప్పాడు. నేను మర్నాడే మంచి తెల్లకాగితాలు కొని తెచ్చి బల్ల మీద కనబడేలా పెట్టాను. ఈసారి ఎలా రాయాలో మనసులో పదిసార్లు రాసుకున్నాను, దిక్కులతో, కొలతలతో, ఏ మాటా మార్చకుండా. ఆయన అడుగుతాడని రెండు రోజులు ఎదురుచూశాను. నేనే అడుగుదామని రెండుసార్లు అరుగు దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

మూడోరోజు సైకిలు మీద మండలాఫీసు ముందు నుంచి పోతున్నాను. గేటు పక్కన గొడుగు కింద అర్జీలు రాసే ముసలాయన కూర్చునేవాడు. ఆయన ముందు స్టూలు మీద, కాలు చాపుకుని, నాకు వీపు పెట్టి మా నాన్న. ఒక్కో మాటా చెబుతున్నాడు, ఆయన రాస్తున్నాడు, నాన్న వంగి ఆ మాట పడిందో లేదో చూసుకుంటున్నాడు. నేను దిగి ఆగిపోయాను. ముసలాయన కలం ఆపి అడిగాడు.

"మీ గుంటడు తెలుగు మేష్టరు గదా, ఆడి సేత రాయించుకోలేకపోయేవా?"

"ఆడికి కాళీ ఉండదండి" అన్నాడు నాన్న. "స్కూలు పని."

స్కూలుకి సెలవులిచ్చి అప్పటికి మూడు వారాలైంది.