పుర్రెల పుస్తకం

కామారెడ్డి స్టేషన్ రోడ్డు పక్క సందులో పర్శరాములు పెయింటింగ్ గది ఉంది. గది అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక మనిషి కాళ్ళు చాపుకుంటే ఇంకో మనిషి బయట నిలబడాలి. అక్కడ నంబరు ప్లేట్లు రాస్తాడు, పిలిస్తే బడుల గోడల మీద అక్షరాలు రాసి వస్తాడు. గోడకు అతని భార్య శాంతవ్వ బొమ్మ ఒకటి వేలాడుతుంటుంది, పెన్సిలుతో గీసింది. దాని కింద అరలో ఎర్రగుడ్డలో కట్టి పెట్టిన లావుపాటి పుస్తకం ఒకటి.

2014 వానాకాలంలో ఒక పొద్దున, పక్కనే ఫ్లెక్సీల దుకాణం నడిపే ప్రకాశ్ వానకు లోపలికొచ్చాడు. ఊరికే కూర్చోలేని మనిషి కనుక ఆ గుడ్డ విప్పాడు. వెనక అట్ట మీద ధర చూశాడు. తలెత్తి గోడ మీది బొమ్మ చూశాడు. మళ్ళీ ధర చూశాడు.

"అన్నా, రెండువేల ఎనిమిది నూర్ల యాభై వెట్టి బొమ్మలు గీసుడు నేర్సుకునే బుక్కు కొన్నవు. వదినె బొమ్మ జూస్తే మూతి ఓ దిక్కు, దవడ ఓ దిక్కు. పైసలన్ని దండుగేనా?"

"దండుగే అనుకో" అన్నాడు పర్శరాములు. అని, నాలుకతో పై పళ్ళను ఒకసారి తడుముకున్నాడు. ఆ అలవాటు అతనికి మూడేళ్ళ నుంచి ఉంది. ఎందుకో ప్రకాశ్‌కు తెలియదు. మీకు చెబుతాను.

పర్శరాములుది ఎల్లారెడ్డికి అవతల ఒక చిన్న ఊరు. పేరు చెప్పను. ఆ ఊళ్ళో ఇప్పటికీ మనుషులు బతుకుతున్నారు, వాళ్ళకు పెళ్ళి సంబంధాలు రావాలి. 2009లో తెలంగాణ ఉద్యమం లేచినప్పుడు ఆ చుట్టుపక్కల గోడల మీద నినాదాలు రాసింది ఎక్కువగా అతని చెయ్యే. అక్షరం తాడు పట్టి గీసినట్టు వచ్చేది. ఏడాది తిరగకముందే ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి. పుట్టినరోజుకూ ఫ్లెక్సీయే, చావుకూ ఫ్లెక్సీయే. గోడలను అడిగే దిక్కు లేకుండా పోయింది.

అప్పుడతను బొమ్మల మీద పడ్డాడు. పోయినవాళ్ళ చిన్న ఫోటో ఇస్తే పెద్ద బొమ్మ గీసి, దండ వేసుకునేలా చట్రం కట్టి ఇచ్చేవాడు. చిక్కు ఏమిటంటే అతనికి అక్షరం వచ్చినంత బాగా మొఖం రాదు. గంగాబాయి అనే ముసలామె భర్త బొమ్మను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది గని, గీయన ఎవలు బిడ్డా?" అని అడిగింది. ఆ మాట అతన్ని వారం రోజులు తిననివ్వలేదు.

2011లో రైస్ మిల్లు గోడ రాసిన డబ్బులు జేబులో పెట్టుకుని రంగుల కోసం హైదరాబాద్ పోయాడు. ఆబిడ్స్‌లో ఒక పుస్తకాల దుకాణంలో ఈ పుస్తకం కంటపడింది. ఇంగ్లీషు పుస్తకం, ఒక్క ముక్క అర్థం కాదు. కానీ బొమ్మలు మాట్లాడాయి. మనిషి తల ముందు పుర్రెగా ఉంటుంది, దాని మీద కండ పరుచుకుంటుంది, కండ మీద తోలు. ఒక పేజీలో నడివయసు మనిషి మొఖం సగం మామూలుగా, సగం ఎముకగా గీసి ఉంది. తన బొమ్మలు ఇన్నాళ్ళూ ఎందుకు తేలిపోయాయో ఆ ఒక్క పేజీ చెప్పింది. దుకాణంలో గంటసేపు నిలబడ్డాడు. రంగులు కొనకుండా పుస్తకం కొనుక్కుని బస్సెక్కాడు.

శాంతవ్వ బీడీలు చేస్తుంది. పుస్తకం తెరిచి, తోలు ఒలిచిన మనిషి నిలబడి ఉండటం చూసి, మూసి దూరంగా నెట్టింది.

"ఇండ్లల్ల పెట్టుకునే వస్తువేనా గిది?"

"బొమ్మలు నేర్సుకునేదే."

"నలభై ఏండ్లు వచ్చినంక ఏం నేర్సుకుంటవు?"

అతను నేర్చుకున్నాడు. ఊళ్ళో చాయ హోటల్ ముందు కూర్చుని, వచ్చే పోయేవాళ్ళ మొఖాలు గుట్టుగా గీసుకొచ్చేవాడు. చెప్పి గీస్తే మనుషులు ఫోటోకు నిలబడ్డట్టు బిగుసుకుంటారు కదా. ఇంటికొచ్చి ఆ మొఖాన్నే, పుస్తకంలో ఉన్నట్టు, ఎడమవైపు తోలుతోనూ కుడివైపు ఎముకతోనూ గీసేవాడు. అలా గీసినవాటిలో రాజలింగు మొఖం ఒకటి. దుబాయి నుంచి వచ్చి బోరు వేసుకుని సాగు చేసుకుంటున్నవాడు, నిండు బుగ్గల మనిషి. ఆ కాగితం నచ్చక పర్శరాములు మూలకు పడేశాడు.

శాంతవ్వ ఆ కాగితాన్ని బోర్లా పడి ఉండగా తీసి, చాటలో పరిచి, పైన బీడీ కట్టలు పేర్చుకుని కార్ఖానాకు పోయింది. కట్టలు అప్పజెప్పాక చాటలో కాగితం మిగిలింది. పక్కన కూర్చున్న భూదవ్వ చూసింది. భూదవ్వ ఎవరో కాదు, రాజలింగు తల్లి. సగం కొడుకు, సగం పుర్రె. కాగితం మడిచి కొంగున ముడివేసుకుని లేచి పోయిందట. ఎందుకంటే రాజలింగు అప్పటికి పది రోజులుగా జ్వరంతో మంచంలో ఉన్నాడు.

తర్వాత వారం రోజులు ఎలా గడిచాయో పర్శరాములు ఇప్పటికీ సరిగా చెప్పలేడు. హోటలాయన చాయ ఇచ్చాడు కానీ గ్లాసు అందుకునేటప్పుడు వేళ్ళు తగలనివ్వలేదు. ఎదురైన ఆడవాళ్ళు పిల్లల మొఖాలను కొంగు కిందికి లాక్కున్నారు. బాణామతి, చేతబడి అన్న మాట ఎవరూ అతని ముందు అనలేదు, వెనక అనకుండా మానలేదు. బాణామతి చేసేవాడని నమ్మినవాణ్ణి ఏం చేస్తారో ఆ ప్రాంతంలో పుట్టినవాళ్ళకు వేరే చెప్పాల్సిన పనిలేదు. మంత్రం నోట పలకకుండా పళ్ళు పీకుతారు. పర్శరాములు తిండి ముందు కూర్చుంటే నాలుక దానంతట అదే పళ్ళ మీదికి పోయేది.

ఇంకో భయం కూడా ఉంది. దాన్ని పెళ్ళానికి కూడా చెప్పలేదు. రాజలింగు చిక్కిపోయాడనీ, బుగ్గల ఎముకలు బయటికొచ్చాయనీ, కండ్లు లోపలికి పోయాయనీ ఊరంతా చెప్పుకుంటోంది. అంటే తను గీసినట్టే అవుతున్నాడు. పది రోజులు తిండి లేకపోతే ఎవడైనా చిక్కిపోతాడని అతనికి తెలుసు. తెలిసీ, పెన్సిలు ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. పదిహేను మంది దాకా. ముందు రాజలింగు తమ్ముడు నర్సింలు. బోరు మోటారు దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతిలో పట్టకారు ఉంది. మరి ఆ పని మీద తెచ్చిందో, ఈ పని మీద తెచ్చిందో. పర్శరాములు చూపు దాని మీదే నిలిచిపోయింది.

ఎవరో లోపలికి పోయి పుస్తకం తెచ్చి వాకిట్లో మంచం మీద పడేశారు. గాలికి పేజీలు తిరిగాయి. పుర్రెలు, పక్కటెముకలు, తోలు లేని చేతులు. ఆడవాళ్ళు వెనక్కి జరిగారు.

"గిది ఏంది?" అన్నాడు నర్సింలు. నిన్నమొన్నటిదాకా అన్నా అని పిలిచినవాడు.

"బొమ్మలు నేర్సుకునే బుక్కు. నేను ఆబిడ్స్‌ల కొన్న."

"ఎంతకు?"

ధర అచ్చు వేసి ఉండగా అబద్ధం ఎలా చెబుతాడు? చెప్పాడు. గుంపులో గుసగుస లేచింది, వెనక నుంచి ఒకడు అరిచాడు.

"రెండువేల ఎనిమిది నూర్లు వెట్టి బొమ్మలు నేర్సుకునేటోడు ఏడనన్న ఉన్నడా? మంత్రాల బుక్కు కాకుంటే గింత ధర ఎందుకుంటది?"

అడిగినవాడి ఇంట్లో పిల్లల పుస్తకాలన్నీ కలిపినా అంత ధర కావు. శాంతవ్వ గడపలో కూలబడి, కాగితం తీసుకుపోయింది తనేననీ, కొట్టేదుంటే తనను కొట్టమనీ ఏడుస్తోంది. నర్సింలు పట్టకారు చేతులు మార్చుకున్నాడు. పర్శరాములు వెనక్కి జరిగి గోడ పట్టుకున్నాడు.

అప్పుడు భూదవ్వ ముందుకొచ్చింది. కొంగు ముడి విప్పి, ఆ కాగితం తీసి అతని ముందు పెట్టింది.

"నా కొడుకు మొఖం సగం తీసినవు. పండ్లు వీకితే ఆ సగం యాడికెళ్ళి వస్తది? మళ్ళ వెట్టు. నిండుగ వెట్టు."

"అవ్వా, గది వట్టి బొమ్మనే" అన్నాడు.

"బొమ్మనే అయితే పెట్టనీకి ఏం పోతది?"

రాజలింగు ఇంటికి తీసుకుపోయారు. దిష్టి తగులుతుందని తలుపులు మూసి పెట్టిన గదిలో మంచం. పుస్తకం కూడా వెంట వచ్చింది, ఒకడు దాన్ని కట్టెతో నెట్టి గోనెసంచిలో వేసుకొచ్చాడు. గీయాలంటే వెలుతురు కావాలని పర్శరాములు అడిగితే, వాళ్ళలో వాళ్ళు తర్కించుకుని తలుపు తీశారు. వెలుగు రాజలింగు మొఖం మీద పడింది. రంగులతో బతికినవాడు కదా, పర్శరాములు ముందు కంటి తెలుపును చూశాడు. అది తెలుపు కాదు, కామెర్ల పసుపు.

"కండ్లు పచ్చగున్నయి" అన్నాడు మెల్లగా. "పసిరికలు. జల్ది దవాఖానకు తీస్కపోండ్రి."

"ముందుగాల మొఖం వెట్టు" అంది భూదవ్వ.

గీశాడు. సగం మొఖం ఎదురుగా కాగితం మీద ఉంది, సగం మొఖం తనకు జ్ఞాపకం. పుస్తకం తెరిచి ఏ ఎముక మీద ఏ కండ కూర్చుంటుందో చూసుకుంటూ, పుర్రెను కొంచెం కొంచెంగా కప్పుతూ వచ్చాడు. చెమట చుక్క కాగితం మీద పడితే చెరిపాడని అంటారేమోనని ముందు మొఖం తుడుచుకున్నాడు. గంటకు పైగా పట్టింది. ఆఖరికి దుబాయి నుంచి వచ్చిన రోజు రాజలింగు ఎలా ఉన్నాడో అలా, నిండు బుగ్గలతో, ఏదో అనబోతున్నట్టు కాగితం మీది నుంచి చూశాడు. పర్శరాములు జీవితంలో సరిగా కుదిరిన మొఖం అదొక్కటే. వెనక పట్టకారు పట్టుకున్న మనిషి ఉన్నాడు కనుక అతనికి సంతోషించే తీరిక లేకపోయింది.

ఆ సాయంత్రమే ఆటోలో ఎల్లారెడ్డి దవాఖానకు, అక్కణ్ణుంచి కామారెడ్డికి తీసుకుపోయారు. నెలన్నరకు రాజలింగు లేచి తిరిగాడు. పర్శరాములు ఊపిరి పీల్చుకోవచ్చనుకున్నాడు. అమాయకుడు. డాక్టరును ఎవరు తలుచుకున్నారు? తీసేయగలిగినవాడే పెట్టగలిగాడు అన్నారు. ఇప్పుడు ఊరికి రుజువు దొరికింది. కొబ్బరికాయలు పట్టుకుని కొందరు వాకిట్లోకి రావడం మొదలుపెట్టారు, మాకు పట్టింది తియ్యమని. తక్కినవాళ్ళు దారి మార్చుకుని పోవడం మొదలుపెట్టారు. మళ్ళీ ఎవడికో జ్వరం వచ్చేలోపు పోవాలని శాంతవ్వ సామాను కట్టింది. కామారెడ్డిలో ఈ గది అలా దొరికింది.

ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. కానీ అతను కాగితం తీసి చూపెత్తితే చాలు, శాంతవ్వ పక్కకు తిరిగి కొంగు మొఖం మీదికి లాక్కునేది. ఊళ్ళో అందరికంటే ఆ కొంగే అతన్ని ఎక్కువ బాధ పెట్టింది. అడగలేదు, అడిగితే ఏం చెబుతుందో అన్న భయం.

ప్రకాశ్ ఆ పుస్తకం విప్పిన వానాకాలానికి ముందు ఎండాకాలంలో ఆమెకు కడుపులో గడ్డ ఉందనీ, ఆపరేషన్ చెయ్యాలనీ చెప్పారు. దవాఖానకు పోయే ముందురోజు పొద్దున తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. కొంగు భుజం మీదే ఉంది.

"నన్ను గియ్యి. నాకేమన్న అయితే నీకు మొఖం ఉండాలె గద. సగంల ఇడ్సిపెట్టకు, ఎంత సేపయినా నేను లేవ."

అతను కాగితం పెట్టుకున్నాడు. పుస్తకం ప్రకారం ముందు పుర్రె గీయాలి. గుండ్రం గీసి, కంటి గుంతల దగ్గరికి వచ్చాడు. ఆమె కదలకుండా తననే చూస్తోంది. అతని చెయ్యి ఆగిపోయింది. బొమ్మ వట్టి బొమ్మ అని పదిహేను మంది ముందు చెప్పిన మనిషి, పెళ్ళాం మొఖం కింద ఎముక గీయలేకపోయాడు. ఆ గుండ్రాన్ని పూర్తిగా చెరిపేసి, కొత్త కాగితం తీసుకుని, పాత పద్ధతిలో బొట్టు దగ్గర మొదలుపెట్టాడు.

"మొఖం కింద బొక్కలు గియ్యలేదు గద?" అంది ఆమె కాసేపటికి.

"గియ్యలే."

దవడ ఒకవైపు జారింది, మూతి పక్కకు పోయింది. అతనికి ప్రతి తప్పూ కనిపిస్తూనే ఉంది, ఎలా దిద్దాలో తెలుసు కూడా. దిద్దలేదు. ఆమె బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"మంచిగున్నది" అంది.

ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు ఆమె నడిచి ఇంటికొచ్చింది.