మందు గదిలో ముత్తుసెల్వి మెట్టెలు

మా అళగమ్మాళ్ పెద్దమ్మకు చూపు బాగానే ఉండేది. కాకపోతే ఏది చూడాలో, ఏది చూడకూడదో ఆమే తేల్చుకునేది. విరుదునగరం దాటాక నల్లరేగడి చేల మధ్య ఉన్న ఒక పటాసుల ఆఫీసు గేటు దగ్గర, పనికి వచ్చే ఆడవాళ్లను సోదా చేసి లోపలికి పంపడం ఆమె ఉద్యోగం. మా వైపు పటాసులు చేసే చోటును ఫ్యాక్టరీ అనరు, ఆఫీసు అంటారు. కుర్చీలు లేని ఆఫీసులు లోకంలో ఇవే అయ్యుంటాయి.

1998 వేసవిలో పక్క ఊళ్లో ఒక షెడ్డు పేలిపోయింది. ఆ దెబ్బకు అధికారులు ఈ ఆఫీసు లైసెన్సు కూడా ఆపేశారు. మళ్లీ ఇచ్చేటప్పుడు షరతులు పెట్టారు. పటాసుల్లో మందు కూరే మందు గదిలో నలుగురికి మించి ఉండకూడదు, నూలు బట్టలే కట్టాలి, ఒంటి మీద లోహమన్నది ఉండకూడదు. పిన్నీసులు, తాళంచెవులు, కాలి పట్టీలు గేటు దగ్గర బుట్టలో పడ్డాయి. పేచీ అంతా మెట్టెల దగ్గర వచ్చింది. మొగుడు బతికుండగా మెట్టెలు తీసే ఆడది మా వాళ్లలో ఉందా?

దానికి వాళ్లే ఒక ఉపాయం కనిపెట్టారు. మెట్టె మీదుగా వేలికి గుడ్డపీలిక చుట్టుకోవడం. గుడ్డ ఉంటే లోహం లేనట్టేనట! పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. అళగమ్మాళ్ ఆ కాళ్ల దాకా వంగేది కాదు, నడుం నొప్పి అనేది. ఫోర్‌మన్ దామోదరసామి అడిగితే "అంతా చూసేస్తినయ్యా" అని చెప్పేది.

ఆమె కొడుకు తంగపాండి లారీ డ్రైవరు. వాడి కొత్త పెళ్లాం ముత్తుసెల్వి మందు కూరే పనికి మొదటిసారి వచ్చిన రోజున మాత్రం పెద్దమ్మ నడుం వంగింది. ఎందుకంటే ఆ పిల్ల మెట్టెల గుట్టు ఆమె ఒక్కదానికే తెలుసు. కోవిల్‌పట్టి అంగడిలో తనే కొన్నది. అవి ఇనుముకు వెండి పూత పూసినవి. ఇనుము నేలకు గట్టిగా రాసుకుంటే నిప్పురవ్వ లేస్తుంది. వియ్యాలవారితో మాత్రం అచ్చమైన వెండి అని చెప్పింది.

"తీసెయ్యే. సాయంత్రం ఏసుకుందువు."

"అయ్యో అత్తా! ఆయన బండి మీద పోయుండారు. నేను ఎట్లా తీసేది? వెండేగదా, మెత్తన. ఏమీ కాదు."

చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. నిజం చెబితే అందరి ముందూ అళగమ్మాళ్ పరువు పోతుంది. పైగా కొడుకు రోడ్డు మీద ఉన్నాడు, ఆ భయం ఆమెకు మాత్రం లేదా? గుడ్డ ఇంకో చుట్టు చుట్టి ముడివేసి లోపలికి పంపేసింది.

అప్పటినుంచి ఆమెకు కాలు నిలవలేదు. ఎక్కడో తలుపు చప్పుడైనా మందు గది వైపు చూసేది. మంచినీళ్ల నెపం పెట్టుకుని మందు గది వైపు నడిచింది. దారిలో ఇసుక మీద ఒక గుడ్డపీలిక పడి ఉంది. తను ముడివేసిన పీలికే.

ఆవరణలో పరుగెత్తకూడదన్నది మరో షరతు. లోపల ఎవరైనా ఉలిక్కిపడి లేస్తే చాలు, మందు అంటుకోవచ్చు. పరుగెత్తాలని ప్రాణం కొట్టుకుంటుంటే ఆమె నడిచింది. ఆ నాలుగడుగులూ తిరుచ్చులి ఊరికి నడిచినంత దూరమయ్యాయి.

గదిలో నలుగురున్నారు. ఆమె గడప దాటకుండా ఆగిపోయింది.

"ముత్తుసెల్వీ, కాలు ఈడ్చకు. మెల్లగా లేసి బయిటికి రా."

"ఏం అత్తా?"

"నీ మెట్టెలు వెండి కాదే. ఇనుము. మీ అమ్మకాడ నేను అబద్దం చెప్తిని."

బూడిదరంగు మందు అంటిన చేతులు అలాగే పట్టుకుని, ఒక్కో అడుగూ ఎత్తి పెడుతూ ముత్తుసెల్వి బయటికి వచ్చింది. ఇద్దరూ దూరంగా వేపచెట్టు కిందికి పోయారు. అత్త నేల మీద కూలబడి కాలు పట్టుకోబోతే ఆ పిల్ల వెనక్కి లాక్కుంది.

"మీ కొడుకు బండి మీద ఉండారత్తా."

"వాడు నా కొడుకేనే. దోసం వస్తే నా మీదికి రానీ. ఇట్లా పెట్టు కాలు."

దోషమేమీ రాలేదు లెండి, తంగపాండి ఈనాటికీ లారీ తోలుతున్నాడు. కానీ ఆ పూట ఆ సంగతి ఎవరికి తెలుసు? కోడలి కాలి మెట్టెలు మొగుడు పోయిన రోజున తీస్తారు. బతికున్న కొడుకును తలుచుకుంటూ ఆమె తీయబోయింది. మెట్టె కణుపు దగ్గర పట్టేసి ఒక పట్టాన రాలేదు. పెద్దమ్మ పైకే ఏడ్చేసింది.

గదిలో మిగిలిన ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకూ అత్తలున్నారు. వాళ్ల మెట్టెలూ అత్తలు కొన్నవే. చేతిలో పని కింద పెట్టి, కాళ్లు ఈడ్చకుండా, ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చేశారు.